మా వదిన తడిగుడ్డ

మా వదిన ఎవరి మీదా అరవదు. అరిచే పని నాది. ఒకే కప్పు కింద ఇన్నేళ్ళుగా మా ఇద్దరి మధ్య పంపకం ఇదే: ఎవరైనా తిక్కవేషాలు వేస్తే తిట్టడం నా వంతు, ఆ తర్వాత ఏం చెయ్యాలో ఆలోచించడం ఆవిడ వంతు. అందుకే నన్ను గయ్యాళి అంటారు, ఆవిణ్ణి దేవత అంటారు. దేవతా? నా తలకాయ! ఆవిడ కోపం ఎలాంటిదో దగ్గర నుంచి చూసినదాన్ని నేనొక్కదాన్నే. చెబుతాను వినండి.

మేముండే చోటికి తారురోడ్డు లేదు. వంతెన దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి రెండు కొండల మధ్య మట్టిదారిన గంటసేపు నడవాలి, లేదా ట్రాక్టరెక్కాలి. ఒకప్పుడు ఇక్కడ ఇటుకల బట్టీ ఉండేది. మా అన్నయ్య ఆ బట్టీకి మంట మేస్త్రీ. మా వదిన మట్టి పని, నాది కూలీల వంటిల్లు. అన్నయ్య ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు, ఆ తర్వాత రెండేళ్ళకు బట్టీ కూడా మూతపడింది. అప్పుడొచ్చింది మేడమ్. పాడుబడ్డ షెడ్లు కొని, వెల్లవేసి, ఒక్కో దాంట్లో ఒక మంచం, ఒక పెద్ద బల్ల, ఒక కిటికీ పెట్టి, వాకిట్లో ‘కళాకారుల విడిది’ అని బోర్డు కట్టింది.

బొమ్మలు వేసేవాళ్ళూ, బొమ్మలు చేసేవాళ్ళూ మూడేసి నెలలు వచ్చి ఉంటారు. తిండి, మట్టి, గది అన్నీ అమర్చి పెడతాం. వాళ్ళు చెయ్యవలసిందల్లా వాళ్ళ పనే. ఫోను సిగ్నలు రాదని ఫిర్యాదు చేస్తారేమో అనుకున్నాను మొదట్లో. ఆ మాట చెబితే వాళ్ళ మొహాలు వెలిగిపోతాయి! మేం పుట్టినప్పట్నుంచీ సిగ్నలు లేకుండానే బతుకుతున్నాం, మమ్మల్ని ఒక్కరూ కళాకారులనలేదు.

నన్ను వంటకి, వదినను మట్టికి ఉంచుకుంది మేడమ్. మట్టి అంటే తవ్వి తెచ్చి పడెయ్యడం కాదు. మా మట్టికి ఒక జబ్బుంది, దాంట్లో సున్నపు గులక ఉంటుంది. నువ్వుగింజంత ఉన్నా చాలు. కాల్చినప్పుడు ఏమీ తెలియదు. బట్టీలోంచి దించినప్పుడు బంగారంలా ఉంటుంది సరుకు. తర్వాత గాలిలో తడి పీల్చుకుని ఆ గులక లోపల్లోపలే ఉబ్బుతుంది. పదిరోజులకో, నెలకో ‘టిక్’మని పైన పెచ్చు ఎగిరిపోయి గుంట పడుతుంది. పాత యజమాని ఒక వానాకాలం జల్లెడ పట్టించకుండా ఇటుకలు కోయించాడు. ఆ ఇటుకలతో కట్టిన బడి గోడ మూడు నెలల్లో పెచ్చులూడిపోయింది. బడివాళ్ళొచ్చి యజమానిని చెడామడా తిట్టి వెళ్ళారు. అప్పట్నుంచీ మట్టిని తొట్లో నానబెట్టి, పలచగా కలిపి, సన్న జల్లెడలో రెండుసార్లు వడకట్టడం వదిన పని. జల్లెడలో మిగిలిన గులకను ఒక రేకుడబ్బాలో పోసి మూత పెడుతుంది, మళ్ళీ మట్టిలో కలవకుండా.

ఇక మా అన్నయ్య మొహం గురించి చెప్పాలి. పెళ్ళికి ముందు ఒకసారి బట్టీ గూట్లో గాలి ఎదురుతిరిగి నిప్పురవ్వలు వాడి మొహాన చిమ్మాయి. రెండు బుగ్గల మీదా, గడ్డం మీదా గుంటలు పడ్డాయి. కొత్తగా పనికొచ్చిన ఆడవాళ్ళు వాడితో మాట్లాడేటప్పుడు పక్కకి చూసేవాళ్ళు. మా వదిన పనిలో చేరిన మొదటి రోజే తిన్నగా చూసి, “ఏంటి మేస్త్రీ, వాన చినుకులు పడ్డ పచ్చి మట్టిలా ఉంది నీ మొహం?” అంది. మా వాడు ఆ మాటకే పడిపోయాడు. వాడి ఫోటో ఒక్కటే ఉంది మా దగ్గర, పని కార్డు మీద, బొటనవేలంత. ఫోటోవాడు అందంగా ఉండాలని మచ్చలన్నీ తుడిచేశాడు. అది చూస్తే ఎవరో పెళ్ళికొడుకులా ఉంటాడు గానీ మా అన్నయ్యలా ఉండడు.

అందుకే వాడు పోయిన ఏడాది వదిన మట్టితో వాడి తల చేసింది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. నిజం మనిషి తలంత. ఒక్కో మచ్చా చీపురుపుల్లతో పొడిచింది, కళ్ళు మూసుకుని తన బుగ్గ తడుముకుంటూ, ఎక్కడిది అక్కడే. దాన్ని కాల్చలేదు. కాల్చాలంటే తల లోపలంతా తొలిచెయ్యాలి, ఆవిడకు చేతులు రాలేదు. ఎండనివ్వలేదు కూడా. “ఎండితే మనిషి చిక్కిపోతాడే” అనేది. మట్టి ఎండితే కుదించుకుపోతుందిగా, అదీ ఆవిడ బాధ. అలా మా ఇంటి అరుగు మీద చెక్కపలకపై పెట్టి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తడిగుడ్డ మార్చి కప్పుతూ ఏడేళ్ళు ఆ తలను పచ్చిగానే ఉంచింది. జ్వరమొచ్చి మంచం దిగలేని రోజుల్లో నా చేత మార్పించేది, పక్కనుంచి “చెవి దగ్గర మెల్లగా” అంటూ.

ఇలా ఉండగా వచ్చాడు గడ్డం బాబు. శిల్పి. పట్నంలో పేరున్నవాడట. వచ్చిన రోజే వంటింట్లోకొచ్చి “అమ్మా, మీ చేతి కూర తిన్నాక ఇంక ఎక్కడా తినబుద్ధి కాదు” అన్నాడు. అప్పటికింకా తినలేదు! నక్కవినయాలు నాకు తెలియవా? తడిగుడ్డతో గొంతులు కోసే రకం అని అప్పుడే వదినతో అన్నాను. “నీకు అందరూ అలాగే కనిపిస్తారు” అంది ఆవిడ.

ఒక రోజు మట్టి కోసం మా ఇంటికొచ్చి, వదిన గుడ్డ మారుస్తుండగా ఆ తలను చూశాడు. చాలాసేపు నిలబడ్డాడు. మర్నాడూ వచ్చాడు. “మీరు పెద్దవారు, నాకు గురువులాంటివారు, ఒక్కసారి చూసి వెళ్తాను” అంటూ రోజూ వచ్చేవాడు. నిజం చెప్పాలంటే వదిన మురిసిపోయింది. అన్నయ్య గురించి ఏవేవో చెప్పింది కూడా, నాతో కూడా ఎప్పుడూ అనని సంగతులు. గడ్డం బాబు తలూపుతూ విన్నాడు.

మూడో వారం నా కంటి పరీక్షకని ఇద్దరం ఆస్పత్రికి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. వదిన చెప్పులు విప్పి అలవాటు కొద్దీ అరుగు దగ్గరకు వెళ్ళింది. పలక ఖాళీగా ఉంది. తడిగుడ్డ మేకుకు తగిలించి ఉంది, మడతపెట్టి మరీ.

గడ్డం బాబు షెడ్డుకు పరుగెత్తాం. బల్ల మీద తెల్లగా రెండు ప్లాస్టరు చిప్పలు ఆరుతున్నాయి. తల అచ్చు అది, ముందు సగం ఒకటి, వెనక సగం ఒకటి. పక్కన బకెట్టులో మట్టి ముద్ద. ఆ ముద్దలోంచి ఒక చెవి పైకి కనిపిస్తోంది. అన్నయ్య చెవి. వదిన ఆ బకెట్టు పక్కనే కూలబడిపోయింది.

“వచ్చారా అమ్మా!” అన్నాడు వాడు, సంతోషంగా. “మీ మట్టి మీకు బకెట్లో తీసిపెట్టాను. అచ్చు బ్రహ్మాండంగా వచ్చింది.”

“తలేదిరా?” అన్నాను నేను.

“తలా? అచ్చు తీశాక మట్టిని తవ్వి తీసెయ్యాలి కదండీ. మా పనిలో అంతే. మట్టిది ఎవరూ దాచుకోరు, అచ్చే అసలుది. ఇప్పుడు ఒకటి కాదు, ఎన్నైనా పోసుకోవచ్చు.” వాడికి నిజంగానే అర్థం కాలేదు. దొంగతనం చేసినవాడి మొహంలో కాస్తయినా భయముంటుంది, వీడి మొహంలో అదీ లేదు. పైగా ఇంకో మాటన్నాడు. “ముందు బుగ్గల మీద గుంటలన్నీ పూడ్చి నున్నగా చేశానమ్మా. గాలిబుడగలు పేలినట్టున్నాయి. పాపం, మీరు గమనించి ఉండరు.”

నా ఒళ్ళు భగ్గుమంది. ఎముకలు సున్నం చేస్తాను రమ్మని మీదికెళ్ళాను. వాడు బల్లకు అటువైపు పరుగెత్తాడు. గోల విని మేడమ్ వచ్చింది. నేను చెప్పిందంతా విని, వాడు చెప్పిందంతా విని, కళ్ళజోడు తుడుచుకుంది.

“చూడమ్మా, ఇక్కడ ఒకరి పని చూసి ఇంకొకరు పని చేస్తారు. విడిది పెట్టిందే అందుకు. అతను కళాకారుడు, దాన్ని ఎక్కడికో తీసుకెళ్తాడు.”

“మరి మా వదిన?”

“ఆవిడ మన స్టాఫ్.”

వాడికి వెన్న, మాకు సున్నం. అంతే తీర్పు. వదిన లేచి, కొంగును ఆ బకెట్టు మీద మూతలా కప్పి, చంకనెత్తుకుని ఇంటికొచ్చింది. ఆ వారమంతా నేను గడ్డం బాబుకి కూరలో ఉప్పు వేస్తే ఒట్టు. అడిగితే “గుంటలు పూడ్చడానికి అయిపోయింది బాబూ” అన్నాను. అంతకన్నా నా చేతనయింది ఏముంది?

అసలు పుండు మీద కారం తర్వాత పడింది. వాడు ముప్పై తలలు చేస్తాడట, వరసగా పెడతాడట. అచ్చులో మట్టి అదమడానికి వదినను పంపమని మేడమ్‌ను అడిగాడు. “ఆవిడ చేతికి ఈ మట్టి బాగా అలవాటు” అన్నాడట. మొగుడి మొహాన్ని పెళ్ళాం చేత ముప్పైసార్లు అచ్చు పోయించాలని వాడికి ఎలా అనిపించిందో! ఈవిడ ఛీ పొమ్మంటుందనుకున్నాను. “సరే బాబూ, వస్తాను” అంది. నేను రెండ్రోజులు ఆవిడతో మాట్లాడలేదు. పౌరుషం లేని మనిషి, ఉప్పూకారం తినే ఒళ్ళేనా ఇది అని గిన్నెలతో చెప్పుకున్నాను.

మూడో రోజు టీ ఇవ్వడానికి వెళ్తే వాడు షెడ్లో లేడు, వాకిట్లో ఎవరికో తన ఆలోచనలు వివరిస్తున్నాడు. వదిన అచ్చు ముందు కూర్చుని ఉంది. చిప్పలో పల్చగా ఒక పొర మట్టి అదిమింది. పక్కన రేకుడబ్బా. మూత తీసి, గులకల్లోంచి ఒక గింజ ఏరి, అచ్చులో బుగ్గ ఉన్న చోట పెట్టి వేలితో నొక్కింది. కళ్ళు మూసుకుంది. ఎడమచేత్తో తన బుగ్గ తడుముకుంది. ఇంకో గింజ ఏరింది.

“వదినా! సున్నపు గులక! అవి పేలిపోతాయే. ఎంతైనా అది అన్నయ్య మొహం!”

“ఏదీ, చూపించు.” అప్పటికే విప్పి ఆరబెట్టిన తలలు బల్ల మీద వరసగా ఉన్నాయి. “ఒక్క మచ్చైనా ఉందా వీటికి? మీ అన్న కాదే వీళ్ళు. ఎవరో.”

“అన్నీ పగిలిపోతే వాడి మొహం మనకింక ఎక్కడా మిగలదు.”

“నోరు మూసుకుని ఒక పని చెయ్యి. కాల్చాక వీటిని పెద్ద హాల్లో పెడతాడు. ఆ హాలు తుడిచేది నువ్వేగా? రోజూ రెండుసార్లు తడిగుడ్డ పెట్టు. గుడ్డ పిండకు. కిటికీలు మూసెయ్యి.”

అప్పుడు అర్థమైంది నాకు. నా రెండ్రోజుల తిట్లూ నేనే మింగేశాను. ఆ రోజు వదినకు టీలో రెండు చెంచాల చక్కెర ఎక్కువ వేశాను.

తలలు కాలాయి. గడ్డం బాబు విడిదిలో ఉన్న చిన్న బట్టీలోంచి ఒక్కొక్కటీ తీసి నిమిరి నిమిరి చూసుకున్నాడు. కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషికి కూడా వాటిలో తప్పు కనబడదు, అంత నున్నగా ఉన్నాయి. హాల్లో ముప్పై పీటల మీద ముప్పై తలలు పెట్టాడు. గోడకు అట్ట అంటించాడు: ‘ఎవరో ఒకడు’. కింద వాడి పేరు, ఇంటిపేరుతో సహా. దాని కింద ‘మట్టి’ అని.

“ఎవరో ఒకడేంటి బాబూ?” అని అడిగాను, బకెట్టు పట్టుకుని.

“అదే అమ్మా, పేరూ ఊరూ లేని శ్రామికుడు. అలాంటివాళ్ళు కోట్లమంది. ఈ మొహం ఎవరిదైనా కావచ్చు.”

నేను పళ్ళు పటపట కొరుక్కుని తడిగుడ్డ వేశాను. పొద్దున, సాయంత్రం. గుడ్డ పిండితే ఒట్టు. “నేల ఎప్పుడూ తడిగానే ఉంటోందేంటి?” అని మేడమ్ అడిగితే, పెద్దవాళ్ళొస్తున్నారు కదండీ, దుమ్ముండకూడదని అన్నాను. “ఎంత శ్రద్ధో!” అని మెచ్చుకుంది కూడా.

తొమ్మిది రోజులు గడిచాయి. ఒక్కటీ పేలలేదు. నాకు నిద్ర పట్టలేదు, వదిన మాత్రం హాయిగా మట్టి తొక్కుకుంటోంది. పదో రోజే జనం వచ్చి చూసే రోజు. ప్రతి విడిది ఆఖర్న మేడమ్ పట్నం నుంచి జనాన్ని పిలుస్తుంది. కార్లు వంతెన దగ్గర ఆగితే అక్కణ్ణుంచి ట్రాక్టరు బాబాయి తీసుకొస్తాడు. ఒకప్పుడు మా బట్టీ ఇటుకలు తోలిన మనిషే ఆయన. అన్నయ్యకు ప్రాణస్నేహితుడు.

పొద్దుటి నుంచీ ముసురు. హాలు నిండా జనం, తడి గొడుగులు, తడి బట్టలు, నా టీ గిన్నెల ఆవిరి. గడ్డం బాబు తెల్ల లాల్చీ వేసుకుని, చేతులు ఊపుతూ, పేరులేని మనుషుల గురించి గద్గదంగా మాట్లాడుతున్నాడు. అప్పుడే.

టిక్.

ఎవరో వేలు విరిచినట్టు చిన్న చప్పుడు. మొదటి వరసలో ఒక తలకు బుగ్గ మీద పెచ్చు ఊడి పీట మీద పడింది. వాడు చూసి కూడా చూడనట్టు మాట్లాడుతూనే ఉన్నాడు. టిక్. ఇంకో తలకు గడ్డం మీద. టిక్, టిక్. ఆ తర్వాత లెక్కే లేదు, పేలాలు వేగినట్టే. ఉన్నవాళ్ళంతా కప్పులు పట్టుకుని గుడ్లప్పగించి చూస్తున్నారు. గడ్డం బాబు ఒక తల దగ్గరకు పరుగెత్తి ఊడిన పెచ్చును వేలితో అంటించబోయాడు, అది పొడైపోయింది. నేను మూలన నిలబడి, ట్రే అడ్డం పెట్టుకుని, కడుపారా నవ్వుకున్నాను. అబద్ధమెందుకు, ఆ రోజంత ఆనందం నా పెళ్ళిలో కూడా లేదు.

కానీ ఒక్క తల కూడా పగల్లేదు. ముక్కు ముక్కులా ఉంది, కళ్ళు కళ్ళలా ఉన్నాయి. బుగ్గల మీద, గడ్డం మీద మాత్రం గుంటలు. చిన్నవి, లోతైనవి. పక్కపక్కనే రెండు, కాస్త దూరంగా ఒకటి.

జనాన్ని దింపి టీ కోసం లోపలికొచ్చిన ట్రాక్టరు బాబాయి కప్పందుకోబోతూ ఆగిపోయాడు. నన్ను తోసుకుని ముందుకెళ్ళాడు. నెత్తి మీది తువ్వాలు తీసేశాడు.

“ఒరేయ్ మేస్త్రీ,” అన్నాడు. “నువ్వేంట్రా ఇక్కడ!”

ట్రే దించి చూశాను. ముప్పైమంది మా అన్నయ్యలు. వాన చినుకులు పడ్డ పచ్చి మట్టిలాంటి మొహాలతో. తలలు పగలగొట్టడానికి కాదు గులక పెట్టింది మా వదిన! నేనెంత మొద్దుని!

గడ్డం బాబు మాత్రం గట్టి పిండం. ఒక్క నిమిషంలో తేరుకున్నాడు. గొంతు సవరించుకుని, “ఇది... ఇదంతా అనుకున్నదే. గాయం దానంతటదే బయటికి రావడమే నా కళ” అన్నాడు. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు, వాళ్ళ దుంపతెగ!

బాబాయి వాడివైపు తిరిగాడు. “అయితే ఈయన నీకు తెలుసా బాబూ?”

“నాకు... అంటే, ఈయన ఎవరో ఒక...”

“ఈ కంటి కింద మచ్చ ఎప్పుడు పడిందో చెప్పు.”

వాడు గోడ మీది అట్ట వైపు చూశాడు.

“పేరు చెప్పు పోనీ.”

రోజూ వచ్చి కూర్చుని అన్ని కబుర్లు విన్నవాడు, పేరొక్కటి గుర్తుపెట్టుకోలేదు. అప్పుడు గుమ్మం దగ్గర నుంచి మా వదిన చెప్పింది. ఇంటిపేరుతో సహా, గట్టిగా. ఆవిడ గొంతు అంత పెద్దదని నాకూ తెలియదు. చెప్పి, కాళ్ళకు మట్టితోనే వచ్చి, చివరి పీట మీది తలను ఎత్తుకుంది. అన్నిటికన్నా ముందు అచ్చులో పోసింది అదే. బకెట్లో తెచ్చుకున్న మట్టితో చేసిందని తర్వాత చెప్పింది.

“అది నా పని!” అన్నాడు గడ్డం బాబు.

“మిగతావి నువ్వు ఉంచుకో,” అంది వదిన. “అందరూ ఈయనెవరని అడుగుతారు. చెప్పుకుంటూ ఉండు.”

ఎవరూ అడ్డుపడలేదు. మేడమ్ దారిచ్చింది. సాయంత్రం ఆవిడే వచ్చి గోడ మీది అట్ట పీకేసింది.

ఆ గందరగోళంలో నేనూ నా వంతు పని చేశాను. వాడి షెడ్డుకెళ్ళి ఆ రెండు ప్లాస్టరు చిప్పల్నీ నేలకేసి కొట్టి, రోకలితో పొడి పొడి చేశాను. కిటికీలోంచి వదిన చూసింది.

ఇప్పుడు మా అరుగు మీద అన్నయ్య ఉన్నాడు. నిజం మనిషి కన్నా కాస్త చిక్కాడు. తడి మార్చే పని లేదు. ఆ గుడ్డను వదిన ఉతికి నాకిచ్చేసింది, పొయ్యిగట్టు తుడుచుకోమని.

మర్నాడు గడ్డం బాబు పెట్టె సర్దుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “నా అచ్చు పగలగొట్టారు. ఎవరు చేశారీ పని?” అని అడిగాడు.

నేను ఆ గుడ్డతో గట్టు తుడుస్తూ, తల కూడా ఎత్తకుండా చెప్పాను.

“ఏమో బాబూ. ఎవరో ఒకరు.”